త్రోచా: త్రోవను పోలిన ఒక స్పానిష్ మాట

రెండు రైలుపట్టాల నడిమి దూరాన్ని మనం ‘గేజి’ అంటాము. ఆంగ్లేయులు విడిచిపోయిన ఈ మాట ఖరగ్‌పూరు రైల్వే వర్క్‌షాపులో తెలుగువారికీ, బెంగాలీలకూ, ఒడియావారికీ, బీహారీలకూ ఉమ్మడి సొత్తు. ఇదే దూరాన్ని అర్జెంటీనా, చిలీ దేశాల రైల్వే కార్మికులు ‘త్రోచా’ అంటారు. అది స్పానిష్ భాషాపదం. చెవిని పడగానే తెలుగువారికి ‘త్రోవ’ స్ఫురించడం సహజం. ఆ స్ఫురణే మమ్ములను ఈ వ్యాసానికి పురికొల్పింది.

ఈ రెండు మాటల ధ్వనిసామ్యం కేవలం యాదృచ్ఛికం. స్పానిష్ లాటిన్ సంతతికి చెందిన భాష, తెలుగు ద్రావిడ భాష. చుట్టరికం వెదకబోవడం వృథాశ్రమ. అయినప్పటికీ అర్థం దగ్గర ఈ రెండూ ఒకచోట కలుసుకొనడం విశేషం. స్పానిష్ నిఘంటువులలో త్రోచాకు ముందుగా కనిపించే అర్థం ఇరుకైన దారి, ప్రధానమార్గం నుంచి విడివడిన అడ్డదారి. పొదలు నరికి చేసుకున్న కాలిబాట అని మరొక అర్థం. రెండు పట్టాల నడిమి వెడల్పు అన్న అర్థం వీటి తరువాతిది, ముఖ్యంగా దక్షిణ అమెరికా రైల్వేల వాడుకకు చెందినది.

ఖరగ్‌పూరు మథురాకాటీ ప్రాంతంలో నివసిస్తున్న, పదవీ విరమణ చేసిన ఒక కీమాను గారి వద్ద మేము ఈ మాట ప్రస్తావించాము. వారిది శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. “తోవని తోవ అనక మరేటంటారు బాబూ! ఏ దేశమైతేనేటి?” అన్నారు. అది తోవ కాదు, తోవ వెడల్పు అని మేము వివరించాము. ఆయన కొంచెం ఆలోచించి, “ఆ వెడల్పు తప్పితే మరి తోవెక్కడుంది?” అని అడిగారు.

నిఘంటుకర్తలు మూడు అర్థాలను వరుసగా చెప్పి ఊరుకుంటారు. మొదటి అర్థం నుంచి చివరి అర్థానికి మాట ఎలా నడిచి వచ్చిందో అర్థం చేసుకొనడానికి మాకు ఆ పెద్దాయన ప్రశ్నే సాయపడింది. అడవిలో నరికిన బాటకు గుర్తింపు దాని వెడల్పే. మనిషి పట్టేటంత నరికితే కాలిబాట, బండి పట్టేటంత నరికితే బండిదారి. రైలుమార్గం విషయంలో ఇది మరింత నిక్కమైన సంగతి. పట్టాలు ఎంత దృఢమైనవైనా, స్లీపర్లు ఎంత బలమైనవైనా, వాటి నడిమి కొలత చెడిన నాడు బండి పట్టాలు దిగుతుంది. దారి పేరు కొలతకు సంక్రమించడంలో ఆశ్చర్యపడవలసినది లేదు.

ఈ మాటకు సైనిక చరిత్ర కూడా ఉన్నది. క్యూబా ద్వీపం స్పెయిన్ పాలనలో ఉన్నకాలంలో, 1868 నుంచి 1878 వరకు సాగిన స్వాతంత్ర్య సమరంలో, తూర్పు ప్రాంతపు తిరుగుబాటుదారులు పడమటికి రాకుండా పాలకులు ద్వీపం నడుమ అడ్డంగా ఒక రక్షణరేఖను నిర్మించారు. దక్షిణాన హూకరో నుంచి ఉత్తరాన మొరోన్ వరకు సుమారు 68 కిలోమీటర్ల పొడవున అడవి నరికి, కోటబురుజుల వంటి కావలి గృహాలు కట్టి, వాటి వెంబడి ఒక రైలుమార్గం వేశారు. దానికి ‘త్రోచా’ అనే పేరు పెట్టారు. రెండవ సమరంలో, 1895లో, అంతోనియో మసేయో తన దళంతో ఆ రేఖను దాటి పడమటికి వెళ్ళాడు. జనం నడవడానికి పుట్టిన మాటను జనాన్ని ఆపే కంచెకు పెట్టారన్నమాట!

ఇక రైల్వే పరిభాషకు వద్దాము. అర్జెంటీనాలో మూడు ముఖ్యమైన త్రోచాలు ఉన్నాయి. ‘త్రోచా అంచా’ అనగా వెడల్పు గేజి, 1676 మి.మీ. ‘త్రోచా మేదియా’ అనగా మధ్యరకం, 1435 మి.మీ. ‘త్రోచా అంగోస్తా’ అనగా ఇరుకు గేజి, 1000 మి.మీ. మాట మూలార్థమే ఇరుకుదారి కనుక, త్రోచా అంచా అంటే ‘వెడల్పైన ఇరుకుదారి’ అని తేలుతుంది. వాడుకలో నలిగిన మాట తన మూలార్థాన్ని మరచిపోతుంది. తెలుగులో ‘నూనె’ అంటే మొదట నువ్వుల నూనె మాత్రమే. నేడు ‘కొబ్బరినూనె’ అంటే నవ్వేవారు లేరు కదా!

పై అంకెలలో మొదటిది మన పాఠకులకు సుపరిచితం. అర్జెంటీనా త్రోచా అంచా, మన బ్రాడ్‌గేజి ఒకటే కొలత: అయిదడుగుల ఆరంగుళాలు. మన దేశంలో డల్‌హౌసీ ప్రభువు 1850లో ఆరడుగులు ఉండాలని వాదించగా, చివరకు అయిదున్నర అడుగుల వద్ద నిర్ణయం కుదిరింది. అర్జెంటీనా మొదటి రైలు బ్యూనస్ ఎయిర్స్‌లో 1857లో నడిచింది. ఈ రెండు దేశాల నడుమ మహాసముద్రాలున్నా గేజి విషయంలో మాత్రం ఇరుగుపొరుగువారమే.

అయితే స్పెయిన్ దేశానికి ప్రయాణం కట్టినవారు అక్కడి రైల్వే ఇంజనీరు వద్ద త్రోచా అంటే అతడికి అది అడవిదారిగానే తోచే ప్రమాదమున్నది. మాతృదేశంలో వాడే మాట ‘అంచో దె వీయా’, అనగా మార్గపు వెడల్పు. మెక్సికోలో ఇరుకు గేజిని ‘వీయా అంగోస్తా’ అంటారు. ఒకే భాష, ఒకే వృత్తి, ఒకే వస్తువు, అయినా దేశానికొక మాట. స్పానిష్ నుంచి సాంకేతిక పత్రాన్ని అనువదించేవారు ముందుగా అది ఏ దేశపు పత్రమో చూచుకొనవలె.

చూడకపోతే వచ్చే నష్టం ఎంత? సరిగా 8 మిల్లీమీటర్లు. స్పెయిన్‌లో 1844లో నియమితమైన ఇంజనీర్ల సంఘం ఆరు కాస్తీలియన్ అడుగుల వెడల్పును సిఫారసు చేసింది. కాస్తీలియన్ అడుగు ఆంగ్ల అడుగుకన్నా పొట్టిది. లెక్క కడితే అది సుమారు 1672 మి.మీ. అయింది. పొరుగున పోర్చుగల్ అయిదు పోర్చుగీసు అడుగులు, అనగా 1664 మి.మీ. పాటించింది. రెండు దేశాలూ 1955లో రాజీపడి 1668 వద్ద స్థిరపడ్డాయి. మనది 1676. తేడా ఒక పెన్సిలు మందం కన్నా కాస్త ఎక్కువ. సామాన్య నిఘంటువు దృష్టిలో రెండూ ‘వెడల్పు గేజి’యే. చక్రపు అంచు మాత్రం నిఘంటువు చదవదు.

ఇక్కడ మరొక సంగతి చెప్పడం అసందర్భం కాదు. కాగితంపై మన గేజి 1676 అయినప్పటికీ, సిమెంటు స్లీపర్లపై పట్టాలను 1673 మి.మీ. ఎడంతో అమరుస్తారు. ఆ మూడు మిల్లీమీటర్ల బిగువు వలన చక్రాలకు అటూ ఇటూ ఆడే వీలు తగ్గి, బండి వేగంగా పోయేటప్పుడు ఊగిసలాట తగ్గుతుంది. పట్టాల లోపలి అంచుల నడుమ కొలకర్రను ఉంచి ఈ అంకెను సరిచూచే గ్యాంగుమానుకు, ఒక మిల్లీమీటరు అంటే ఏమిటో ఏ భాషలోనూ వివరించవలసిన అవసరం లేదు.

స్పానిష్ రైల్వే మాటలలో ఒకటి మన వార్తాపత్రికలలో ప్రముఖంగా కనిపించిన సంవత్సరం 2016. అదే ‘టాల్గో’. ఆ ఏడు స్పెయిన్ నుంచి తెప్పించిన తేలిక పెట్టెలను మన ఇంజన్లకు తగిలించి బరేలీ–మొరాదాబాదు మధ్య, మథుర–పల్వల్ మధ్య, తరువాత ఢిల్లీ–ముంబయి మధ్య పరీక్షించారు. సెప్టెంబరులో జరిగిన చివరి పరుగులో ఢిల్లీ నుంచి ముంబయికి పన్నెండు గంటల లోపే చేరింది. టాల్గో అన్నది నిఘంటువులో దొరికే మాట కాదు. ‘త్రేన్ అర్తికులాదో లిహేరో గోయ్‌కోఎచేయా ఓరియోల్’ అన్న అయిదు పదాల మొదటి అక్షరాల కూర్పు. తెలుగులో చెప్పాలంటే గోయ్‌కోఎచేయా, ఓరియోల్‌ల కీళ్ళబండి, తేలికబండి. మొదటివాడు రూపకల్పన చేసిన ఇంజనీరు, రెండవవాడు పెట్టుబడి పెట్టినవాడు. సంస్థ 1942లో ఏర్పడింది. పేరులో ఇంజనీరును ముందు, ధనికుని వెనుక నిలిపిన ఈ వరుస మాకు నచ్చింది.

ఈ బండి విశిష్టత దాని చక్రాలలో ఉన్నది. సాధారణ పెట్టెలో రెండు చక్రాలను ఒకే ఇరుసు కలుపుతుంది. టాల్గోలో కుడి చక్రం కుడిదే, ఎడమ చక్రం ఎడమదే. ఇరుసు అడ్డులేదు కనుక చక్రాల ఎడాన్ని మార్చడం సాధ్యమైంది. స్పెయిన్‌ది 1668, సరిహద్దు దాటితే ఫ్రాన్స్‌ది 1435. బార్సిలోనా నుంచి జెనీవాకు 1969లో మొదలైన టాల్గో బండి, సరిహద్దు వద్ద ప్రత్యేకంగా అమర్చిన పట్టాలపై మెల్లగా సాగుతూ, ప్రయాణికులు కూర్చున్నవారు కూర్చున్నట్లే ఉండగా, తన చక్రాలను తానే దగ్గరకు జరుపుకొని ఆవలి పట్టాలపైకి వెళ్ళిపోయేది.

అంతకు ముందు ఆ సరిహద్దులో ఏమి జరిగేదో తెలిసినప్పుడే దీని విలువ బోధపడుతుంది. ఫ్రాన్స్ వైపున సెర్బేర్ అనే ఊరున్నది. స్పెయిన్ నుంచి వచ్చే నారింజపండ్ల వ్యాగన్లు అంతకుమించి పోలేవు. పండ్లన్నిటినీ గంపలకెత్తి ఫ్రెంచి వ్యాగన్లలోకి మార్చవలసిందే. ఆ పని చేసినవారు స్త్రీలు. కూలి చాలదని 1906లో వారు సమ్మె కట్టారు. ఈ సరుకు మార్పిడికి స్పానిష్‌లో ‘త్రాన్స్‌బోర్దో’ అని పేరు. రెండు త్రోచాలు కలిసే ప్రతి చోటా ఒక త్రాన్స్‌బోర్దో ఉంటుంది. దానిని మోసే తలలు కొన్ని ఉంటాయి. గేజి భేదానికి అయ్యే ఖర్చును లెక్కకట్టే నివేదికలలో ఈ తలల ప్రస్తావన మాకు అరుదుగా కనిపించింది.

ఖరగ్‌పూరుకు ఇది పరాయి కథ కాదు. ఖరగ్‌పూరు స్టేషనులో ఉన్నది బ్రాడ్‌గేజి మాత్రమే. 1072 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారంతో ఒకనాడు ప్రపంచంలోనే మొదటి స్థానంలో నిలిచి, 2013లో గోరఖ్‌పూరుకు ఆ స్థానం వదులుకున్న స్టేషను ఇది. అయితే ఇక్కడినుంచి బాలాసోరు వైపు వెళ్ళే దారిలో రూప్సా జంక్షను వస్తుంది. అక్కడినుంచి బారిపదాకు 1905లో మయూర్‌భంజ్ సంస్థానపు చిన్న రైలు మొదలైంది. దాని గేజి రెండడుగుల ఆరంగుళాలు, అనగా 762 మి.మీ. చిన్న వ్యాగన్లలో వచ్చిన సరుకు రూప్సాలో పెద్ద వ్యాగన్లకు మారవలసి వచ్చేది. ప్రయాణికులు కూడా మూటాముల్లెతో బండి మారేవారు.

ఖరగ్‌పూరులోని తెలుగు కుటుంబాలకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నౌపడా. తూర్పుకోస్తా రైలుమార్గం 1893–96 సంవత్సరాల మధ్య పడింది. దాని ఉత్తరభాగం, కటకం నుంచి వాల్తేరు వరకు, 1902లో బెంగాల్ నాగపూరు రైల్వే చేతికి వచ్చింది. ఆ రైల్వే 1904 నాటికి ఖరగ్‌పూరులో పెద్ద వర్క్‌షాపును నిలబెట్టింది. పని ఇక్కడ, పట్టాలు మన ఊరి మీదుగా. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువారు నాలుగైదు తరాల క్రితం ఇక్కడికి చేరడానికి ఆ రెండూ చాలినవి. పర్లాకిమిడి, గుణుపూరు వైపు పల్లెలవారికి మాత్రం మరొక మెట్టు ఉండేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో నౌపడా నుంచి మొదలైంది, 1931 నాటికి గుణుపూరు చేరింది. దాని గేజి కూడా 762 మి.మీ.యే. ఊళ్ళో చిన్న బండి ఎక్కి, నౌపడాలో దిగి, పెద్ద బండికోసం కాచుకొని, ఖరగ్‌పూరుకు వచ్చేవారు.

గమనించవలసినది వారి మాట. వారు నేరోగేజి అనరు, బ్రాడ్‌గేజి అనరు. ‘చిన్న లైను’, ‘పెద్ద లైను’ అంటారు. బెంగాలీలు ‘ఛోటో లైన్’, హిందీవారు ‘ఛోటీ లైన్’ అంటారు. కొలత పేరు చెప్పకుండా దారి పేరే చెప్పి, దానికి చిన్న, పెద్ద అన్న విశేషణం తగిలించడం. అర్జెంటీనా కార్మికులు చేసినది కూడా ఇదే కదా! కొలకర్ర పట్టిన దొర ‘గేజి’ అన్నాడు, దారిన నడిచినవారు ‘త్రోచా’ అన్నారు, ‘లైను’ అన్నారు. ఈ రెండవ రకం మాటలు ఎక్కడివక్కడ విడివిడిగా పుట్టినా ఒకే తీరున పుట్టాయని మా అభిప్రాయం.

అధికారభాషగా హిందీలో గేజికి ‘ఆమాన్’ అన్న మాటను స్థిరపరచారు. గేజి మార్పిడి ‘ఆమాన్ పరివర్తన్’ అయింది. స్టేషన్ల ఫలకాలపై, వార్షిక నివేదికలలో అది కనిపిస్తుంది. ఖరగ్‌పూరు గోల్‌బజారులో ఎవరి నోటా మేము వినలేదు. తెలుగులో కూడా ఇటువంటి పదసృష్టి జరగాలన్న వాదం అప్పుడప్పుడు వినవస్తుంది. భాషాభిమానానికి మేము వ్యతిరేకులం కాము. కాని ‘మార్గాంతరం’ వంటి మాటను కల్పిస్తే ఏమవుతుంది? మార్గాల మధ్య దూరమని కల్పించినవారి ఉద్దేశం కావచ్చును. చదివినవారు వేరే దారి వెదకుకొమ్మని అర్థం చేసుకుంటారు. విద్యార్థికి వివరించడానికి ‘పట్టాల ఎడం’ అన్న తేట తెలుగు మాటలు చాలు. వృత్తిలో గేజి అన్నది నిక్షేపంగా నిలిచిన మాట. పోర్చుగీసు ‘మెస్త్రె’ మన ‘మేస్త్రి’ అయి, వర్క్‌షాపులో హోదా పేరుగా దశాబ్దాలు చెల్లలేదా? దాని అన్న ఇటాలియన్ ‘మాయెస్త్రో’ సంగీతసభలలో వెలిగిపోతున్నాడు, తమ్ముడు మేస్త్రి మాత్రం బాయిలరు పక్కన చెమటోడ్చాడు. ఎవరూ వాడిని పరాయివాడని వెళ్ళగొట్టలేదు.

మా పట్టుదల అంతా మరొకచోట. మాట ఏదైనా కావచ్చును, పక్కన అంకె లేకుండా సాంకేతిక పత్రంలో దానిని వ్రాయరాదు. బ్రాడ్‌గేజి అన్నది మనకు 1676, స్పెయిన్‌కు 1668, ఐర్లండుకు 1600, రష్యాకు 1520. ‘వెడల్పు’ అన్నది పక్కవాడితో పోల్చి చెప్పే మాట, కొలత కాదు. చిన్న లైను సంగతీ అంతే. అర్జెంటీనాలో అంగోస్తా అంటే 1000 మి.మీ., కొలంబియాలో 914 మి.మీ., అనగా ఒక గజం. మనకు మీటరుగేజి, నేరోగేజి వేరువేరు. త్రోచా అంగోస్తాను ‘నేరోగేజి’ అని తెలుగులోకి దింపిన అనువాదకుడు 1000 మి.మీ. చక్రాల బదులు 762 మి.మీ. చక్రాలను రప్పించగలడు. పక్కన అంకె ఉన్నట్లయితే భాష రానివాడు కూడా తప్పును పట్టగలడు.

మన దేశంలో 1992లో ఏకగేజి పథకం ప్రారంభమైన తరువాత చిన్న లైన్లు ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. లాభం ఎంతటిదో చెప్పనవసరం లేదు. మార్పిడి తప్పింది, సరుకు పాడవడం తప్పింది, కాలం కలిసివచ్చింది. రూప్సాలోనూ నౌపడాలోనూ గంపలెత్తినవారి పని కూడా దానితోపాటే పోయింది. నెత్తిన బరువు దిగినందుకు సంతోషించాలా, కూలి పోయినందుకు విచారించాలా అన్నది ఆ కుటుంబాలవారు చెప్పవలసిన మాట, మేము చెప్పదగినది కాదు.

అర్జెంటీనాలో పాటగోనియా ప్రాంతాన ఒక చిన్న రైలు నేటికీ మిగిలింది. గేజి 750 మి.మీ., మన చిన్న లైనుకన్నా 12 మి.మీ. తక్కువ. ఇంజెనియెరో హకొబాచి నుంచి ఎస్కెల్ వరకు 402 కిలోమీటర్లు సాగిన ఆ మార్గం 1945లో పూర్తయింది. ఇప్పుడు ఎస్కెల్, ఎల్ మయితేన్ ఊళ్ళ వద్ద కొంత భాగంలో ఆవిరి ఇంజనుతో విహారయాత్రలకు నడుపుతున్నారు. ప్రజలు దానికి పెట్టుకున్న పేరు ‘లా త్రోచితా’. స్పానిష్‌లో ‘ఇతా’ చేర్చితే చిన్నది, ముద్దైనది అని అర్థం. అనగా మన చిన్న లైను!

నౌపడా–గుణుపూరు మార్గంలో చిన్న బండి 2004లో ఆగిపోయింది. 2011 నాటికి గుణుపూరు వరకు 1676 మి.మీ. పట్టాలు పడి, పెద్ద బండ్లు తిరుగుతున్నాయి. ఖరగ్‌పూరులోని ఆ ప్రాంతపు పెద్దలు ఊరికి ప్రయాణమయ్యేటప్పుడు, “నౌపడాలో చిన్న లైను బండి అందుకోవాలి” అనడం మేము మొన్నమొన్న కూడా విన్నాము.